రామ్‌స్టైన్ నుంచి సైనిక విమానంలో ఖాళీ సీటు: కొత్తగా వచ్చిన కుటుంబాలకు సూచనలు

అమెరికా సైన్యంలో ఉద్యోగరీత్యా జర్మనీలోని కైజర్స్‌లాటర్న్ ప్రాంతానికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇల్లు, కారు, పిల్లల బడి పనులు ముగియగానే అడిగే ప్రశ్న ఒకటుంది: రామ్‌స్టైన్ స్థావరం నుంచి సైనిక విమానాల్లో ఉచితంగా వెళ్లవచ్చంటారు, అది నిజమేనా? నిజమే. దీనిని అందరూ స్పేస్ ఏ (స్పేస్ అవైలబుల్, అంటే చోటు మిగిలితేనే) ప్రయాణం అంటారు. అయితే ఈ సౌకర్యాన్ని విమాన టికెట్టుకు ప్రత్యామ్నాయంగా భావించినవారు ఇబ్బంది పడతారు. సెలవు రోజులు చేతిలో ఉండి, అవసరమైతే టికెట్టు కొనుక్కోగల డబ్బు పక్కన పెట్టుకున్నవారికి మాత్రం ఇంతకు మించిన వరం లేదు.

ఈ విమానాలను నడిపేది అమెరికా వైమానిక దళపు రవాణా విభాగమైన ఎయిర్ మొబిలిటీ కమాండ్. అవి సరుకుల కోసం, విధి నిర్వహణలో ఉన్న సిబ్బంది కోసం ఎగురుతాయి. సెలవు ప్రయాణికుల కోసం ఏ విమానమూ బయలుదేరదు. సరుకు ఎక్కించి, విధి మీద వెళ్లేవారికి చోటిచ్చిన తరువాత మిగిలిన సీట్లే మనవి. మిషన్ మారితే విమానం రద్దు కావచ్చు, దారి మళ్లవచ్చు, మధ్యలో ఆగినచోట విధి ప్రయాణికుల కోసం మనల్ని దించివేయవచ్చు కూడా. అలా దించినప్పుడు మన పాత నమోదు తేదీ చెల్లుతుంది కాబట్టి అక్కడి వరుసలో మళ్లీ చివరకు పోము.

సీట్లు ఆరు కేటగిరీల వరుసలో ఇస్తారు. మొదటిది అత్యవసర సెలవు మీద ఉన్నవారిది. మామూలు సెలవు మీద ఉన్న సైనికుడు, అతనితో కలిసి ప్రయాణించే భార్యాపిల్లలు మూడో కేటగిరీలోకి వస్తారు. కమాండ్ స్పాన్సర్‌షిప్ (విదేశంలో సైనికుడితో కలిసి ఉండడానికి సైన్యం ఇచ్చే అధికారిక అనుమతి) ఉన్న కుటుంబం సైనికుడు లేకుండా వెళితే ఐదోది. పదవీ విరమణ చేసినవారు ఆరోదానిలో ఉంటారు. ఒకే కేటగిరీలో ఉన్నవారి మధ్య మాత్రం పేరు నమోదైన తేదీ, సమయమే తేలుస్తుంది. అందువల్ల ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ముందుగా నేర్చుకోవలసింది నమోదు చేసుకునే పద్ధతి.

సైనికుడి సెలవు మొదలైన తరువాతే పేరు నమోదు చేయాలి. ఒక్క రోజు ముందు చేసినా చెల్లదు. కాబట్టి అనుభవం ఉన్నవారు సెలవు మొదలయ్యే తేదీన అర్ధరాత్రి దాటిన నిమిషంలోనే ఈమెయిల్ పంపుతారు. పగలు తీరికగా పంపినవారు అప్పటికే ఎన్నో పేర్ల వెనుక ఉంటారు. ఆ ఈమెయిల్‌ను రామ్‌స్టైన్‌కు మాత్రమే కాక, తిరిగి రావడానికి పనికివచ్చే టెర్మినళ్లన్నిటికీ అదే సమయంలో పంపండి. అమెరికా వెళుతున్నట్లయితే డోవర్, మెగ్వైర్, చార్ల్‌స్టన్, బాల్టిమోర్ వీటిలో ముఖ్యమైనవి. చేరిన తరువాత తీరికగా తిరుగు నమోదు చేసుకుందామనుకునేవారు వారం రోజుల వరుసను చేజేతులా వదులుకుంటున్నారు. నమోదు 60 రోజులు, లేదా సెలవు ముగిసేదాకా, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పటివరకే ఉంటుంది. ఈమెయిల్‌కు వచ్చిన జవాబును ముద్రించి దగ్గర ఉంచుకోండి, ఎందుకంటే కౌంటరులో తేదీ విషయంలో సందేహం వచ్చినప్పుడు ఆ కాగితమే మీ సాక్ష్యం.

టెర్మినళ్లు రాబోయే 72 గంటల విమానాల పట్టికను ప్రకటిస్తాయి. అందులో గమ్యం, రోల్ కాల్ (సీట్ల కోసం పేర్లు పిలవడం) సమయం, సీట్ల సంఖ్య ఉంటాయి. సంఖ్య పక్కన ‘ఎఫ్’ అని ఉంటే ఆ సీట్లు ఖాయమని, ‘టి’ అని ఉంటే తాత్కాలికమని, ‘టీబీడీ’ అని ఉంటే ఇంకా తేలలేదని అర్థం. టీబీడీ చూసి ఇంట్లోనే ఉండిపోవద్దు, అవి చివరి గంటలో యాభై సీట్లుగా తేలడమూ ఉంది, ఒక్కటీ లేకపోవడమూ ఉంది. రోల్ కాల్‌కు ముందు 24 గంటలలోపు టెర్మినల్‌కు వెళ్లి, మేము వచ్చామని కౌంటరులో గుర్తు వేయించుకోవాలి. అది చేయకపోతే ఎంత పాత నమోదు ఉన్నా పేరు పిలవరు. పిలిచే సమయానికి కుటుంబమంతా, సామానంతా, కాగితాలన్నీ అక్కడే సిద్ధంగా ఉండాలి. కారు నిలిపి వస్తానంటే ఆగరు. నలుగురున్న కుటుంబానికి మూడే సీట్లు మిగిలితే, విడిపోయి వెళతారా, తరువాతి విమానం దాకా ఆగుతారా అని అక్కడికక్కడే అడుగుతారు. ఈ నిర్ణయం భార్యాభర్తలు ఇంటి దగ్గరే చేసుకొని రావడం మంచిది.

జూన్ నుంచి ఆగస్టు వరకు బదిలీల కాలం, బడి సెలవులు కలిసి వస్తాయి. క్రిస్మస్ ముందు వారాలూ అంతే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, లేదా బడి వయసు రాని పిల్లలున్నవారు సెప్టెంబరు తరువాత ప్రయత్నిస్తే అవకాశాలు చాలా మెరుగ్గా ఉంటాయి.

కాగితాల విషయంలో మన కుటుంబాలు మిగతావారికన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి. సైనికుడి గుర్తింపు కార్డు, సంతకమైన సెలవు పత్రం, భార్యాపిల్లల గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టులు అందరికీ తప్పనిసరి. అయితే మన ఇళ్లలో సైనికుడు అమెరికా పౌరుడైనా భార్య చేతిలో భారత పాస్‌పోర్టు ఉండడం మామూలే. సైనిక విమానం ఎక్కినంత మాత్రాన వీసా నిబంధనలు మారవు. ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్‌కు వెళ్లాలంటే భారత పాస్‌పోర్టు ఉన్నవారికి బ్రిటన్ వీసా కావాలి. అమెరికాలో దిగాలంటే గ్రీన్ కార్డో వీసానో కావాలి. దిగిన దేశంలో మీ ప్రవేశాన్ని అధికారికంగా నమోదు చేయించుకోవడం మరవకండి, ఎందుకంటే తిరుగు ప్రయాణం మామూలు విమానంలో చేయవలసి వస్తే ఆ నమోదు లేకపోవడం విమానాశ్రయంలో పెద్ద చిక్కవుతుంది.

భర్త డిప్లాయ్‌మెంట్‌లో (విధి మీద వేరే చోటికి పంపినప్పుడు) ఉన్నప్పుడు భార్య పిల్లలతో వెళ్లదలిస్తే కమాండర్ సంతకంతో ఉన్న అనుమతి లేఖ ఉండాలి. సెలవు పత్రం లాగానే ఆ లేఖను ప్రతి టెర్మినల్‌లో చూపించాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ఒంటరిగా వెళ్లలేరు. ఇక ఇండియా నుంచి చూడడానికి వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను స్పెయిన్ చూపిద్దామని ఈ విమానాలెక్కించడం కుదరదు. సైన్యం డిపెండెంట్లుగా గుర్తించి కార్డు ఇచ్చిన తల్లిదండ్రుల సంగతి వేరు. పెద్దవాళ్లకు ముందే మాట ఇచ్చి తరువాత చిన్నబుచ్చడం కన్నా ఈ సంగతి మొదట్లోనే చెప్పడం మేలు.

ఒక్కొక్కరికి 70 పౌండ్ల చొప్పున, అంటే దాదాపు 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతిస్తారు. చిన్న విమానాల్లో 30 పౌండ్లే కాబట్టి అంతకు మించితే మంచి అవకాశం చేజారుతుంది. ప్యాట్రియట్ ఎక్స్‌ప్రెస్ అనేది అద్దెకు తీసుకున్న మామూలు ప్రయాణికుల విమానం. బాల్టిమోర్ నుంచి రామ్‌స్టైన్‌కు వచ్చేది అదే, దానికి స్వల్పంగా పన్ను కట్టాలి. సైనిక సరుకు విమానమైన సీ-17లో మాత్రం గోడ వెంబడి పక్కకు తిరిగిన మడత సీట్లుంటాయి, ఎదుట సరుకు కట్టలుంటాయి. ఇంకా పెద్ద సరుకు విమానమైన సీ-5లో వెనుక పై అంతస్తులో 73 సీట్లుంటాయి, అవి విమానం తోకవైపు తిరిగి ఉంటాయి, అక్కడికి నిటారైన మెట్లెక్కి పోవాలి. చంటిబిడ్డతో వెళ్లేవారు బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డ ఉంచుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. లోపల నేల మంచులా చల్లగా ఉంటుంది, శబ్దం చెవులు దిమ్మెక్కేంత ఉంటుంది. చెప్పులు కాక బూట్లు, మేజోళ్లు, స్వెట్టరు, దుప్పటి, పిల్లలకు చెవుల మూతలు తప్పక తీసుకెళ్లండి. తక్కువ ధరకు భోజనం డబ్బా కొనుక్కోవచ్చు కానీ శాకాహారులు దాని మీద ఆధారపడవద్దు. చపాతీలు, పులిహోర కట్టుకుంటే పిల్లలు హాయిగా తింటారు. పండ్లు మాత్రం దిగేలోపు తినేయండి, అమెరికాలో కస్టమ్స్ వారు లోపలికి రానివ్వరు.

ఈ విమానాల మీద ఆశ పెట్టుకొని ఇండియాలో పెళ్లికి వస్తామని మాట ఇవ్వవద్దు. రామ్‌స్టైన్ నుంచి హైదరాబాదుకు గానీ ఢిల్లీకి గానీ ఇలా వెళ్లే మార్గం లేదు. ఆ ప్రయాణానికి ఫ్రాంక్‌ఫర్టు నుంచి టికెట్టు ముందుగా కొనుక్కోవడమే దారి. ఏ దిక్కుకు వెళ్లినా సెలవు ముగియడానికి నాలుగైదు రోజుల ముందే తిరుగు ప్రయత్నం మొదలుపెట్టండి. రెండు రోజులు మిగిలి ఉండగా సీటు దొరకకపోతే టికెట్టు కొనండి, ఎందుకంటే సెలవు దాటి హాజరు కాకపోతే సీటు దొరకలేదన్న కారణాన్ని ఎవరూ ఒప్పుకోరు.

ఇంటి దగ్గర తల్లిదండ్రులకు ప్రాణం మీదకు వస్తే మొదట టెర్మినల్‌కు కాదు, యూనిట్‌కు ఫోను చేయాలి. అత్యవసర సెలవుకు అమెరికన్ రెడ్ క్రాస్ ద్వారా నిర్ధారణ సందేశం అడుగుతారు. విదేశంలో పనిచేస్తున్న సైనికుడికి కొన్ని సందర్భాల్లో ప్రభుత్వమే టికెట్టు ఇస్తుంది కాబట్టి ఆ మాట యూనిట్‌లో ముందే అడగండి. రెడ్ క్రాస్‌కు సైనికుడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ర్యాంకు, యూనిట్‌తో పాటు రోగి ఉన్న ఆసుపత్రి, వైద్యుడి ఫోను నంబరు కావాలి. ఆందోళనలో ఉన్న అన్నయ్యకో చెల్లికో అర్ధరాత్రి ఈ వివరాలు వెతకడం కష్టం. ఇక్కడికి చేరిన మొదటి వారంలోనే ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇంటికి పంపి, అందిందని చెప్పించుకోండి.