రాణిగారి కడసారి చూపుకి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇది చదవండి

2022 సెప్టెంబరు 17, శనివారం పొద్దున రాస్తున్నాను. గురువారం రాత్రి నేనూ మా ఆయనా లండన్‌లో ఎలిజబెత్ రాణిగారి శవపేటిక ఉంచిన వెస్ట్‌మినిస్టర్ హాల్ క్యూలో నిలబడి వచ్చాం. ఎనిమిదిన్నరకి బెర్మాండ్సీ దగ్గర తోక పట్టుకుంటే, బయటికొచ్చేసరికి తెల్లవారుజాము ఆరైంది. అప్పట్నుంచి తెలిసినవాళ్ల ఫోన్లు ఆగడం లేదు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒక్కసారే రాసేస్తున్నాను.

ముందు మా అత్తయ్యగారి సంగతి. రెండు నెలల క్రితం గుంటూరు నుంచి వచ్చారు. "డెబ్భై ఏళ్లు ఏలిన మనిషి, నేను పుట్టకముందు నుంచీ రాణే. ఒక్కసారి చూసొస్తే బావుంటుంది కదే అమ్మాయ్" అన్నారు. ఆవిడకి షుగరు, మోకాళ్ల నొప్పులు. నేను ఒప్పుకోలేదు. తిరుమలలో పదహారు గంటలు ఉన్నాను, ఇదెంత అని వాదించారు. అక్కడ కంపార్ట్‌మెంట్లో కూర్చోబెడతారు, పాలో ఉప్మానో పంచుతారు. ఇక్కడ క్యూ ఆగదు. పది అడుగులు, ఆగు, మళ్లీ పది అడుగులు. కూర్చుందామనుకునేలోపు కదలాల్సిందే. చెప్పిన టైము కూడా నమ్మకండి. మేం వెళ్లినప్పుడు తొమ్మిది గంటలన్నారు. నిన్న పొద్దున క్యూ చివరి హద్దైన సదర్క్ పార్కు నిండిపోయి అసలు కొత్తవాళ్లని రానివ్వడమే ఆపేశారు. రాత్రయ్యేసరికి నిలబడాల్సిన టైము ఇరవై నాలుగు గంటలు దాటింది.

పెద్దవాళ్లకి, ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకి టేట్ బ్రిటన్ మ్యూజియం దగ్గర వేరే క్యూ ఉంది, అక్కడ టైము స్లాటు ఇస్తారు. స్లాట్లు అయిపోతే దాన్నీ ఆపేస్తున్నారు. అందుకే పెద్దవాళ్లని టాక్సీ ఎక్కించే ముందే అది తెరిచి ఉందో లేదో చూసుకోండి. లేదంటే వదిలేయండి. మా అత్తయ్యగారు నిన్నంతా ఇంట్లో టీవీలో లైవ్ పెట్టుకుని చూశారు, మాకంటే ఎక్కువసేపే చూశారు.

వెళ్లేవాళ్లు నేరుగా వెస్ట్‌మినిస్టర్ స్టేషన్లో దిగకండి. క్యూ మొదలు అక్కడ లేదు, తోక ఎక్కడుందో గంటగంటకీ మారుతుంది. ప్రభుత్వం యూట్యూబ్‌లో ట్రాకర్ పెట్టింది, అది చూసి బయల్దేరండి. అందులో ఇచ్చే మూడు పదాల లొకేషన్ కోడ్ ఒక్కోసారి తప్పు పడి ఎక్కడికో పంపుతోందట. కోడ్‌తో పాటు పేట పేరు కూడా చూసుకోండి. చేరగానే చేతికి రంగు, నంబరు ఉన్న కాగితం పట్టీ కడతారు. బాత్రూమ్‌కో టీకో పక్కకి వెళ్లి వచ్చి మళ్లీ మీ చోట నిలబడటానికి అదే ఆధారం. అది ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆన్‌లైన్లో వేలానికి కూడా పెట్టారట, డబ్బు తగలేసుకోకండి.

ఆ పట్టీ ఉందిగా అని ధైర్యంగా నీళ్లు తాగండి. దారి పొడుగునా టాయిలెట్లు పెట్టారు. మనవాళ్లు చేసే తప్పు, నేనూ చేసిన తప్పు, చోటు పోతుందేమోనని నీళ్లు మానేయడం. లండన్ ఐ దాటాక కళ్లు తిరిగాయి. వెనకున్న ముసలావిడ తన దగ్గరున్న బిస్కెట్టు పెట్టి, నన్ను గోడకి ఆనించి నిలబెట్టింది. అది కోవిడ్‌లో పోయినవాళ్ల కోసం ఎర్ర హృదయాలు గీసిన గోడ. సరిగ్గా నది అవతల పార్లమెంటు, పక్కనే మనం వెళ్లాల్సిన హాలు. చేయి చాస్తే అందేటట్టుంటుంది, ఇంకెంత పావుగంట అనుకుంటాం. అక్కడే మోసపోతాం. ఇంకా లాంబెత్ బ్రిడ్జి దాకా నడవాలి, దాటాలి, తర్వాత విక్టోరియా టవర్ గార్డెన్స్‌లో బారికేడ్ల మధ్య పాములా అటూ ఇటూ తిరగాలి. ఆ తోటలోనే మాకు రెండు గంటలు పట్టింది. ఎడమ పక్క వరసలో అరగంట క్రితం చూసిన ఎర్ర టోపీ ఆయనే మళ్లీ కుడి పక్కకి వస్తాడు. మడమలు మంటెత్తేది అక్కడే. కాబట్టి ఒక చాక్లెట్టు, ఒక జత పొడి సాక్సులు, కొంచెం ఓపిక ఆ తోట కోసం దాచుకోండి.

రాత్రి ఏడెనిమిది డిగ్రీలకి పడిపోతోంది, నది గాలి వేరే. పగలు ఎండ చూసి పల్చటి స్వెట్టరుతో రాకండి. షుగరు, బీపీ మందులు జేబులో ఉండాలి, బ్యాగులో కాదు. ఫోనుకి పవర్ బ్యాంకు తప్పనిసరి.

బ్యాగు ఒక్కటే, చిన్నది. 40, 30, 20 సెంటీమీటర్ల లోపు. అంతకంటే పెద్దదైతే వేరే చోట అప్పగించాలి, దానికో లైను. చివర ఎయిర్‌పోర్టు లాంటి చెకింగ్ ఉంటుంది. తిండి, ద్రవాలు ఏవీ దాటనివ్వరు. మా ముందున్న కుర్రాడి డబ్బాలో పులిహోర, ఇంకా సగం మిగిలే ఉంది. టేబుల్ ముందు నిలబడి నాలుగు ముద్దలు గబగబా మింగి, మిగిలింది చెత్త డబ్బాలో వేశాడు పాపం. విప్పని ప్యాకెట్లయితే ఫుడ్ బ్యాంకుకి తీసుకుంటున్నారు. కాబట్టి తినేంతే తీసుకెళ్లండి. పూలు కూడా లోపలికి రావు. ఇవ్వాలనుకుంటే గ్రీన్ పార్కులో పెట్టండి, ప్లాస్టిక్ కాగితం తీసేసి పెట్టమంటున్నారు. రాణిగారితో టీ తాగిన కార్టూన్ ఎలుగుబంటి పాడింగ్టన్ గుర్తుగా జనం పెడుతున్న టెడ్డీ బేర్లు, మార్మలేడ్ శాండ్‌విచ్‌లు మాత్రం ఇక వద్దని పార్కులవాళ్లు బతిమాలుకుంటున్నారు.

లోపల ఉండేది నాలుగైదు నిమిషాలు. ఫొటో తీయకూడదు, ఫోను ఆఫ్ చేసి ఉండాలి. అంత జనంలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. ఇరవై నిమిషాలకోసారి కాపలా మారేటప్పుడు కర్ర నేలకి తాకిన చప్పుడొక్కటే. శవపేటిక ముందు ఒక క్షణం ఆగి, తల వంచి కదలాలి. నేను దణ్ణం పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు. గీత దాటి ముందుకి మాత్రం పోకండి. నిన్న రాత్రి ఒకతను ఉన్నట్టుండి పేటిక వైపు వెళ్లబోతే వెంటనే పోలీసులు పట్టుకున్నారు. నల్ల బట్టలే వేసుకోవాలన్న రూలేమీ లేదు.

కోహినూరు గురించి కూడా చెప్పాలి. క్యూలో మనవాళ్లు నలుగురు కలిస్తే ఆ మాట రాకుండా ఉండదు. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే రాయి, కోపం ఉండటం సహజమే, నాకూ ఉంది. కానీ పేటిక మీదున్న కిరీటం అది కాదు. అది ఇంపీరియల్ స్టేట్ క్రౌన్. కోహినూరు ఉన్నది రాణిగారి తల్లి కిరీటంలో, టవర్ ఆఫ్ లండన్లో. క్యూలో టవర్ బ్రిడ్జి దగ్గర నది అవతల కనిపించే కోట అదే. వాదన ఇంటికొచ్చాక పెట్టుకోండి. ఈ వారం రాచరికం వద్దని బోర్డు పట్టుకున్నవాళ్లనే పోలీసులు నిలదీస్తున్నారు. ఆఫీసు గ్రూపులో జోకులేసే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి, ముఖ్యంగా వీసా మీద ఉన్న పిల్లలు.

క్యూ సోమవారం దాకా ఉంటుందని ఆగకండి. సోమవారం ఉదయం ఆరున్నరకి హాలు మూస్తారు. తోక అంతకు చాలా ముందే ఆపేస్తారు.

సోమవారం అంత్యక్రియలు, అసలు జాతర ఆ రోజే. పదకొండుకి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ప్రార్థన, పన్నెండు కావొస్తుండగా రెండు నిమిషాల మౌనం. తర్వాత ఫిరంగి బండి మీద పేటికని వెల్లింగ్టన్ ఆర్చి దాకా లాగుతారు. లాగేది గుర్రాలు కాదు, 142 మంది నావికులు. 1901లో విక్టోరియా అంత్యక్రియలప్పుడు విండ్సర్‌లో చలికి గుర్రాలు మొరాయించి బండికి కట్టిన పట్టీ తెగితే, నావికులు తాళ్లు పట్టుకుని లాగారు. అప్పట్నుంచి అదే ఆనవాయితీ.

అది చూడాలని లక్షల మంది వస్తారు. చోట్లు నిండగానే దారులు మూసి హైడ్ పార్కుకి పంపుతారు, అక్కడ పెద్ద తెరలుంటాయి. చిన్నపిల్లలున్నవాళ్లు మొదటే అక్కడికి పోవడం మేలు. 2015లో రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర ఏమైందో మనకి తెలుసు. గేటు తెరవగానే ముందుకి తోసుకున్నందుకే అంత ప్రాణనష్టం. బారికేడ్‌కి అతుక్కుపోయి నిలబడకండి, పక్కకి తప్పుకునే దారి చూసుకోండి. ఒత్తిడి పెరిగితే చేతులు గుండెల ముందు పెట్టుకోండి. కింద పడ్డ ఫోను కోసం వంగకండి, ఫోను పోతే పోనీ. నెట్‌వర్క్ పనిచేయదనుకుని, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. దగ్గరి ట్యూబ్ స్టేషన్లలో జనం ఎక్కువైతే లోపలికి రానివ్వరు, ఒక్కోసారి రైలు ఆగకుండానే వెళ్లిపోతుంది. రెండు స్టేషన్ల అవతల దిగి నడవడానికి సిద్ధంగా ఉండండి.

ఆర్చి దగ్గర్నుంచి పేటిక కారులో విండ్సర్ వెళ్తుంది, ఖననం అక్కడే. అక్కడికి వెళ్లేవాళ్లు ఒకే దారిని నమ్ముకోకండి. పాడింగ్టన్ నుంచి స్లౌలో మారి వెళ్లొచ్చు, వాటర్లూ నుంచి నేరుగానూ వెళ్లొచ్చు. ఒకటి ఆగితే రెండోది తెలిసుండాలి. హౌన్స్లో వైపున్నవాళ్లకి ఇంకో మాట. పేటిక ఉన్న కారు ఏ4, ఏ30 రోడ్ల మీదుగానే వెళ్తుంది. మధ్యాహ్నం కారు తీయాలనే ఆలోచన మానుకోండి, గడప దాటి నాలుగడుగులు వేస్తే మీకే కనిపిస్తుంది.

ఆ రోజు సెలవు. పెద్ద సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తున్నారు, మందుల షాపులు కూడా అన్నీ ఉండవు. పాలు, మందులు ఆదివారమే తెచ్చుకోండి. సోమవారానికి డాక్టరు అపాయింట్‌మెంట్ ఉంటే ఫోన్ చేసి కనుక్కోండి, కొన్ని వాయిదా వేశారు.

కొత్తగా చదువుకి దిగుతున్న పిల్లలు, వాళ్లని తీసుకురావడానికి వెళ్లే అన్నలు, అక్కలు. హీత్రూలో సోమవారం వంద దాకా విమానాలు రద్దు, మౌనం వేళ, ఊరేగింపు వేళ చప్పుడు లేకుండా ఉండాలని. విమానం నంబరు ఆదివారం రాత్రే చూసుకోండి. దిగిన పది రోజుల్లో తీసుకోవాల్సిన బీఆర్పీ కార్డుకి (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) సోమవారం పోస్టాఫీసుకి వెళ్తే తలుపులు మూసే ఉంటాయి. మంగళవారం వెళ్లండి, పాస్‌పోర్టు మర్చిపోకండి.