ప్రాక్స్‌మాక్స్ హోస్ట్‌లను సురక్షితంగా అప్‌డేట్ చేయడం ఎలా?

ప్రాక్స్‌మాక్స్ అంటే ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లను) నడిపే వ్యవస్థ. ఆ సర్వరే హోస్ట్. అది పడిపోతే దాని మీద నడిచే వర్చువల్ మెషీన్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. అందుకే ముందు హోస్ట్‌ను ఖాళీ చేయండి, తర్వాతే ప్యాకేజీల జోలికి వెళ్లండి. ఇక్కడ మూడు నోడ్‌ల (హోస్ట్‌ల) క్లస్టర్, అంటే కలిసి పనిచేసే గుంపు, ఉందనుకుని చెబుతున్నాను.

మొదట బ్యాకప్. తీసుకుంటే సరిపోదు, కనీసం ఒక మెషీన్‌ను వేరే నంబరుతో రీస్టోర్ చేసి, నెట్‌వర్క్ తీసేసి బూట్ చేసి చూడండి. హోస్ట్‌లో సెట్టింగ్‌లు ఉండే ఈటీసీ ఫోల్డర్‌ను కూడా బయటికి కాపీ చేసుకోండి.

ఒకసారికి ఒక్క నోడే. మూడింటిలో రెండు బతికి ఉంటేనే కోరం (క్లస్టర్ పనిచేయడానికి కావాల్సిన మెజారిటీ) నిలుస్తుంది. సెఫ్ (నోడ్‌ల డిస్కులన్నిటినీ కలిపే స్టోరేజ్) వాడుతుంటే ముందే నోఅవుట్ ఫ్లాగ్ (ఆగిన డిస్కులను లెక్కలోంచి తీసేయవద్దని చెప్పే సెట్టింగ్) పెట్టండి. లేకపోతే రీబూట్ ఆలస్యమైనప్పుడు సెఫ్ డేటాను మళ్లీ కాపీ చేయడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు మెషీన్లను లైవ్ మైగ్రేషన్‌తో (నడుస్తుండగానే తరలించడం) పక్క నోడ్‌లకు పంపండి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లడం మామూలే, కొత్తదాని నుంచి పాతదానికి వెళ్తుందన్న భరోసా లేదు. కాబట్టి రెండో నోడ్‌ను ఖాళీ చేసేటప్పుడు దాని మెషీన్లను అప్పటికే అప్‌డేట్ అయిన మొదటి నోడ్‌కే పంపాలి.

టీమక్స్ అనే టెర్మినల్ టూల్ తెరిచి, అందులోనే పని చేయండి. కనెక్షన్ తెగినా అప్‌డేట్ మధ్యలో ఆగదు. 'ఆప్ట్ అప్‌డేట్' కమాండ్ తర్వాత 'ఆప్ట్ డిస్ట్-అప్‌గ్రేడ్' ఇవ్వాలి. ఒట్టి 'ఆప్ట్ అప్‌గ్రేడ్' ఇస్తే కొన్ని ప్యాకేజీలు పాతవే మిగిలిపోయి, హోస్ట్ సగం కొత్త, సగం పాతగా తయారవుతుంది. 'వై' కొట్టే ముందు జాబితా చదవండి. తీసేసేవాటిలో 'ప్రాక్స్‌మాక్స్-వీఈ' (ప్రాక్స్‌మాక్స్ ప్రధాన ప్యాకేజీ) కనిపిస్తే వెంటనే ఆపేయండి, రిపాజిటరీ (ప్యాకేజీలు వచ్చే చోటు) సెట్టింగ్‌లు తప్పుగా ఉండి ఉంటాయి. మీరు మార్చిన కాన్ఫిగ్ ఫైలు గురించి అడిగితే, తేడా చూశాకే జవాబివ్వండి.

కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వస్తే రీబూట్ తప్పదు. అసలు టెన్షన్ ఇక్కడే. కెర్నల్ మారినప్పుడు నెట్‌వర్క్ కార్డు పేరు కూడా మారవచ్చు. నాకు ఒకసారి అలాగే జరిగింది. హోస్ట్ బూట్ అయింది గానీ నెట్‌వర్క్ రాలేదు, అర్ధరాత్రి డేటా సెంటర్‌కు పరిగెత్తాల్సి వచ్చింది. ఆరోజు నుంచి ఐపీఎంఐ కన్సోల్ (సర్వర్ స్క్రీన్‌ను దూరం నుంచే చూపించేది) తెరిచి పెట్టుకోకుండా రీబూట్ ఇవ్వలేదు. హోస్ట్ అసలు బూటే కాకపోతే, ఆ కన్సోల్ నుంచే బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకోవచ్చు.

నోడ్ క్లస్టర్‌లో కలిశాక ఒక చిన్న మెషీన్‌ను వెనక్కి తెచ్చి చూడండి. బాగుంటే మిగతావి, ఆ తర్వాత రెండో నోడ్.

ఒకే హోస్ట్ ఉంటే మెషీన్లన్నీ షట్‌డౌన్ చేసి మొదలుపెట్టడమే మంచిది. రీబూట్ అక్కర్లేదని వాటిని నడుస్తుండగానే ఉంచితే అవి పాత క్యూఈఎంయూ (మెషీన్లను నడిపే ప్రోగ్రామ్) మీదే కొనసాగుతాయి. లోపల విండోస్‌నో లినక్స్‌నో రీస్టార్ట్ చేసినా అది మారదు. హోస్ట్ నుంచే మెషీన్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ స్టార్ట్ చేయాలి.

మూడు నోడ్‌లూ అయ్యాక నోఅవుట్ తీసేయడం మర్చిపోకండి.