హ్యూగో తుది జాబితాను లైబ్రరీ కార్డుతో చదవడం ఎలా

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డుల తుది జాబితా సాధారణంగా మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో వెలువడుతుంది. చాలా సంవత్సరాలలో ఓటింగు జులైలో ముగుస్తుంది, ఆగస్టులో ఏటా జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభ వరల్డ్‌కాన్‌లో విజేతలను ప్రకటిస్తారు. ఒక్క నవలల విభాగంలోనే ఆరు పుస్తకాలుంటాయి. అన్నిటినీ గట్టి అట్ట ప్రతులుగా కొంటే ఖర్చు 150 డాలర్ల దాకా పోతుంది. అమెరికాలో ఉంటున్న తెలుగు పాఠకులు ఆ ఖర్చు పెట్టుకోనక్కరలేదు, చిరునామా రుజువు చూపిస్తే ఊరి పబ్లిక్ లైబ్రరీ ఉచితంగా ఇచ్చే కార్డు చాలు. కాకపోతే జాబితా వచ్చిన రోజునే అదే కార్డు ఉన్న ఎంతోమంది అవే పుస్తకాలకు హోల్డ్ పెడతారు, అంటే తమ వంతు రాగానే ఇవ్వమని పేరు నమోదు చేసుకుంటారు కాబట్టి, ఈ పనిలో మెలకువంతా ఆ వరుసలో ఎప్పుడు చేరాలన్న దగ్గరే ఉంది.

వరుస లెక్క ఇలా ఉంటుంది. ఒక నవలకు మీ లైబ్రరీలో 5 ప్రతులున్నాయని, మీకంటే ముందు 40 మంది ఉన్నారని, పుస్తకం ఒక్కొక్కరు ఉంచుకునే గడువు మూడు వారాలని అనుకుందాం. ఒక్కో ప్రతి ఎనిమిది మంది చేతులు మారాలి, అంటే అందరూ గడువు చివరిదాకా ఉంచుకుంటే 24 వారాలు. ఏప్రిల్‌లో పేరు పెట్టినవారికి పుస్తకం సెప్టెంబరులో అందుతుంది, అప్పటికి అవార్డు ఇవ్వడం కూడా అయిపోయి ఉంటుంది. కనుక హోల్డ్ పెట్టేముందు క్యాటలాగులో ప్రతుల సంఖ్యను, వేచి ఉన్నవారి సంఖ్యను చూసి ఈ భాగహారం చేసుకోవాలి; వరుస ఎక్కువగా ఉన్నవాటికి ముందు, తక్కువగా ఉన్నవాటికి తర్వాత పేరు పెట్టుకోవాలి. మామూలు ప్రతి, పెద్ద అక్షరాల ప్రతి, ఈ-బుక్, ఆడియోబుక్ అన్నవి క్యాటలాగులో విడివిడి నమోదులుగా ఉంటాయి, ఒక్కోదానికి వేరే వరుస నడుస్తుంది. పెద్ద అక్షరాల ప్రతిని చాలామంది పట్టించుకోరు, కళ్లు బాగున్నవారు కూడా దాన్ని నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు.

అసలు హ్యూగో జాబితా వచ్చేదాకా ఆగనే కూడదు. పోటీలో ఉండేవి అంతకుముందు క్యాలెండరు సంవత్సరంలో వెలువడిన పుస్తకాలు కాబట్టి అవి అప్పటికే లైబ్రరీల్లో ఉంటాయి. లోకస్ పత్రిక ఏటా ఫిబ్రవరిలో, గడిచిన సంవత్సరానికి తాను సిఫారసు చేసే పుస్తకాల జాబితాను ప్రకటిస్తుంది. ఆ తర్వాత, చాలా ఏళ్లలో హ్యూగో కంటే ముందే, నెబ్యులా అవార్డుల తుది జాబితా వస్తుంది. నెబ్యులాకు ఓటు వేసేది సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం సభ్యులు, హ్యూగోకు వేసేది వరల్డ్‌కాన్ సభ్యత్వం తీసుకున్న పాఠకులు. అయినా రెండు జాబితాల్లోనూ కొన్ని పేర్లు కలవడం పరిపాటి. నెబ్యులా జాబితా చూసి వెంటనే హోల్డ్ పెట్టినవారు హ్యూగో జనం వచ్చేలోపు వరుసలో ముందుంటారు. వరల్డ్ ఫాంటసీ అవార్డును, ఆర్థర్ సి. క్లార్క్ అవార్డును న్యాయనిర్ణేతలు తేలుస్తారు. 1997లో అమితావ్ ఘోష్ 'ది కలకత్తా క్రోమోజోమ్'కు వచ్చింది ఈ క్లార్క్ అవార్డే. అది బ్రిటన్‌లో ప్రచురితమైన పుస్తకాలకు ఇచ్చేది కాబట్టి ఆ జాబితాలో కొన్ని అమెరికా లైబ్రరీల్లో దొరకకపోవచ్చు.

ఈ-బుక్కులకు చాలా లైబ్రరీలు లిబ్బీ యాప్‌ను వాడుతున్నాయి. అందులో ఒకటికంటే ఎక్కువ లైబ్రరీల కార్డులు చేర్చుకోవచ్చు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఆ రాష్ట్రంలో నివసించేవారందరికీ, లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీ కాలిఫోర్నియా వాసులందరికీ కార్డు ఇస్తాయి. కాబట్టి చిన్న ఊళ్లో ఉన్నవారు ముందుగా తమ రాష్ట్రంలోని పెద్ద నగరపు లైబ్రరీ నిబంధనలను చదవడం మంచిది. ఆరు హోల్డులు పెట్టినప్పుడు మూడు ఒకే వారంలో చేతికి వచ్చి పడటం దాదాపు తప్పదు. అటువంటప్పుడు పుస్తకం తీసుకోకుండా 'డెలివర్ లేటర్' ఎంచుకుంటే, మీ స్థానం పోకుండా ఆ ప్రతి వెనకవారికి వెళ్తుంది. చదవడం ముందే పూర్తయితే గడువుదాకా ఉంచుకోకుండా తిరిగి ఇచ్చేయాలి, అవతల ఎదురుచూస్తున్నవారికి కూడా జులై గడువే ఉంటుంది. హూప్లా అనే మరో ఈ-బుక్ సేవ ఉన్న లైబ్రరీల్లో, అందులోని చాలా పుస్తకాలకు అసలు వరుసే ఉండదు, నెలకు ఇన్ని అన్న పరిమితి మాత్రం ఉంటుంది. అందుకని అక్కడ ఉన్నదాన్ని అక్కడే తీసుకుని, మిగిలినవాటికి హోల్డులు వాడుకోవాలి.

పుస్తకం క్యాటలాగులోనే లేకపోతే, కొనమని కోరే దరఖాస్తు లైబ్రరీ వెబ్‌సైటులో ఉంటుంది. అందులో అవార్డు తుది జాబితాలో ఉన్న పుస్తకమని ఒక్క వాక్యం రాయడం మరచిపోకూడదు, కొనుగోలు చూసే లైబ్రేరియన్‌కు అది మంచి కారణం. వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించే ఇంటర్‌లైబ్రరీ లోన్ పాత పుస్తకాలకు చక్కగా పనికొస్తుంది కానీ, కొత్త పుస్తకాలను చాలా లైబ్రరీలు కొన్ని నెలలపాటు బయటికి పంపవు.

నవలలతోనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. హ్యూగో నిబంధనల్లో 40,000 పదాలు, ఆపైన ఉన్నది నవల. 17,500 నుంచి 40,000 లోపు నవలిక. 7,500 నుంచి 17,500 లోపు పెద్ద కథ. అంతకు తక్కువైతే కథ. నవలికలు పలచని పుస్తకాలుగా వస్తాయి, ఒక ఆదివారంలో పూర్తవుతాయి. నా దృష్టిలో ఇటీవలి జాబితాల్లో సాహసమంతా అక్కడే కనబడుతోంది. కథల కోసం లైబ్రరీకి వెళ్లనే అక్కరలేదు. క్లార్క్స్‌వరల్డ్, అన్‌క్యానీ, స్ట్రేంజ్ హొరైజన్స్ వంటి పత్రికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోనిస్తాయి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న పాఠకులకు ఇది అన్నిటికంటే దగ్గర దారి. బొమ్మల కథలకు కూడా ఒక హ్యూగో విభాగముంది, వాటిని లైబ్రరీలో సైన్స్ ఫిక్షన్ అరలో వెతికితే చాలాచోట్ల దొరకవు, 741.5 సంఖ్య ఉన్న అర దగ్గరికి వెళ్లాలి. కుర్రవాళ్ల పుస్తకాలకిచ్చే లోడ్‌స్టార్ జాబితాలోవి టీన్ విభాగంలో ఉంటాయి.

చిక్కల్లా సిరీస్ పుస్తకాలతోనే. 2022లో హ్యూగో పొందిన 'ఎ డెసొలేషన్ కాల్డ్ పీస్' రెండవ భాగం. దాని మొదటి భాగానికి 2020లోనే ఆ అవార్డు వచ్చింది. 2021 విజేత 'నెట్‌వర్క్ ఎఫెక్ట్'కు ముందు నాలుగు నవలికలు ఉన్నాయి. కాబట్టి జాబితా చేతికి రాగానే ఏది ఎన్నవ భాగమో చూసుకుని, మొదటి భాగానికి అదే రోజు హోల్డ్ పెట్టాలి. పాతది కాబట్టి అది త్వరగా వస్తుంది, కొత్తది వచ్చేలోపు పూర్తి చేయవచ్చు. మొదటి భాగం నచ్చకపోతే రెండవదాని హోల్డు రద్దు చేసుకోవడంలో తప్పేమీ లేదు.

ఓటు కూడా వేయాలనుకునేవారు ఆ ఏటి వరల్డ్‌కాన్ ద్వారా వరల్డ్ సైన్స్ ఫిక్షన్ సొసైటీ (WSFS) సభ్యత్వం తీసుకోవాలి; సభకు వెళ్లకుండా ఓటుకు మాత్రమైతే అది ఈమధ్య 50 డాలర్ల చుట్టుపక్కల ఉంటోంది. ఓటర్లకు చాలా రచనల డిజిటల్ ప్రతులు పంపుతారు కానీ, కొందరు ప్రచురణకర్తలు నవలలో కొంత భాగాన్నే ఇస్తారు. అందుకే సభ్యత్వం ఉన్నా లైబ్రరీ వరుసను వదులుకోకూడదు. ఓటుతో పనిలేని పాఠకులకు నా సలహా వేరు. గత సంవత్సరపు తుది జాబితాను తీసుకోండి. ఆ ఆరు నవలల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఎవరూ తీసుకోకుండా అరల మీదే ఉంటాయి, గెలిచినదానికి మాత్రమే ఇంకా కొద్దిపాటి వరుస ఉండవచ్చు. కాబట్టి గెలవని ఐదింటితో మొదలుపెట్టి, గెలిచినదాన్ని చివరకు ఉంచుకోండి.