నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లల ఇంట్లోవాళ్లకి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం వైపు మన తెలుగిళ్లలో థలసీమియా, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బులున్న పిల్లలు చాలామందే ఉన్నారు. నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. కిటికీ దగ్గరికి రాగానే అమ్మానాన్నలు అడిగేది ఒకటే: "మేడమ్, ఇది ఎప్పటి రక్తం?" అడగాల్సిందే. కానీ అంతకన్నా ముఖ్యమైనవి అడక్కుండా వెళ్లిపోతున్నారు.

ముందు తేదీ సంగతి చూద్దాం. రక్తం తీసిన రోజు, గడువు రెండూ సంచి లేబుల్ మీదే ఉంటాయి. 2–6 డిగ్రీల చలిలో సీపీడీఏ-1 అనే నిల్వ ద్రవం ఉన్న సంచి 35 రోజులు, ఎస్ఏజీఎం అనే ద్రవం కలిపిన ఎర్రకణాలు 42 రోజులు ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ కణాలు బిరుసెక్కుతాయి, కొన్ని పగులుతాయి. అలాంటివి ఒంట్లోకి వెళ్లాక త్వరగా ప్లీహంలో నాశనమైపోతాయి. నిల్వ రక్తం యాంటీబాడీలను (పరాయి కణాల మీదికి ఒళ్లు తయారుచేసుకునే ఆయుధాలు) పెంచుతుందని ఎలుకల్లో కనిపించింది, మనుషుల్లో మాత్రం స్పష్టంగా తేలలేదు. 2016లో వచ్చిన ఇన్‌ఫార్మ్ అధ్యయనంలో నాలుగు దేశాల్లో 20 వేలకు పైగా రోగులను చూస్తే, తాజా రక్తం ఎక్కించినవాళ్లలో మరణాలు తగ్గలేదు. మన పిల్లలకి రెండు వారాల లోపుది అడగమనేది వేరే కారణంతో: ఎక్కించిన కణాలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. అది దొరకలేదని, హిమోగ్లోబిన్ 6కి పడిపోయిన బిడ్డను ఇంటికి తీసుకెళ్లిపోకండి.

తేదీ కన్నా గట్టిగా అడగాల్సింది తెల్లకణాల గురించి. దాత తెల్లకణాలు సంచిలోనే ఉండిపోతే, నిల్వలో చితికి, జ్వరం తెప్పించే రసాయనాలు వదులుతాయి. వాటిని పరాయివిగా గుర్తుపట్టి బిడ్డ ఒళ్లు కూడా ఎదురుతిరుగుతుంది. ఎక్కించేటప్పుడు వచ్చే చలిజ్వరం చాలాసార్లు ఇదే. లేబుల్ మీద "ల్యూకోరెడ్యూస్డ్" (తెల్లకణాలు వడకట్టేసింది) అని ఉందేమో చూడండి. మంచం దగ్గర పెట్టే ఫిల్టర్ కణాలను ఆపుతుంది కానీ, అప్పటికే ఊరిన రసాయనాలను ఆపలేదు. అందుకే నిల్వకి ముందే వడకట్టింది మేలు.

ఇక మ్యాచింగ్. ఓ పాజిటివ్‌కి ఓ పాజిటివ్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ఎర్రకణాల మీద ఉండే సి, ఇ, కెల్ లాంటి గుర్తులు తేడా ఉంటే, నెలనెలా ఎక్కే రక్తం మీద యాంటీబాడీలు తయారవుతాయి. మొట్టమొదటి సంచి ఎక్కకముందే ఫీనోటైపింగ్ (బిడ్డ కణాల మీద ఏ గుర్తులున్నాయో చూసే పరీక్ష) చేయించండి. ఒకసారి ఎక్కాక దాత కణాలు కలిసిపోయి పరీక్ష తికమక పెడుతుంది. కొన్ని యాంటీబాడీలు నెలల్లో కనపడకుండా పోతాయి, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం బిడ్డకి పడుతుందో లేదో చూసే పరీక్ష) శుభ్రంగా వస్తుంది. మళ్లీ అదే గుర్తున్న రక్తం ఎక్కితే, వారం పది రోజులకి కళ్లు పచ్చబడతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది, హిమోగ్లోబిన్ ముందుకన్నా తగ్గుతుంది. అందుకే ఒక కార్డు రాయించుకోండి: గ్రూపు, ఫీనోటైప్, దొరికిన యాంటీబాడీ, తేదీ. ఫోటో తీసి ఫోన్లోనూ పెట్టుకోండి. ఇక్కడ దొరికిన సంగతి, రైలెక్కి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్తే అక్కడివాళ్లకి తెలియదు కదా.

"మేనమామ ఉన్నాడు, ఆయన రక్తమే ఎక్కించండి" అంటారు. వద్దు. దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలను బిడ్డ ఒళ్లు పరాయివని గుర్తించకపోవచ్చు. మేనరికాలున్న ఇళ్లలో ఈ పోలిక ఇంకా ఎక్కువ. అప్పుడు అవే బిడ్డ మీద దాడి చేస్తాయి. అరుదే గానీ, వస్తే దాదాపుగా ప్రాణం దక్కదు. రేడియేషన్ ఇచ్చిన రక్తమైతేనే ఈ ముప్పు తప్పుతుంది. ఆ మామయ్య బ్యాంకుకి ఇవ్వనివ్వండి, ఇంకెవరి బిడ్డకో పనికొస్తుంది. మీరు బయటి దాతది తీసుకోండి.

వార్డులో సంచిని వేడినీళ్లలో పెట్టడం, చంకలో పెట్టుకోవడం చూస్తుంటాను. అలా చేస్తే కణాలు పగులుతాయి. ఫ్రిజ్ నుంచి తీశాక నాలుగు గంటల్లో ఎక్కించడం పూర్తవ్వాలి.

మొదలుపెట్టే ముందు జ్వరం చూడమనండి. మొదటి పదిహేను నిమిషాలు పక్కనుంచి కదలకండి. ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినా, వణుకు, నడుంనొప్పి, ఆయాసం వచ్చినా వెంటనే నర్సును పిలిచి ఆపమనండి. రాత్రి డ్యూటీ నర్సుకి తెలుగు రాకపోతే ఒడియాలో "థండా లాగుఛి" అంటే చాలు, చలేస్తోందని తెలుస్తుంది. సూది తీయనివ్వకండి, మందు ఎక్కించాల్సి రావచ్చు. మిగిలిన సంచి పారేయనివ్వకండి, బ్లడ్ బ్యాంకుకి పంపమనండి. కారణం అందులోనే వెతుకుతాం.