కంప్యూటర్‌లోని పాత హెచ్61 మదర్‌బోర్డులో ప్రాసెసర్ మార్చే ముందు

ఈ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఎల్‌జీఏ 1155. ఇంటెల్ రెండో, మూడో తరం చిప్‌లే పడతాయి. చవగ్గా దొరికిందని నాలుగో తరం కొనేయకండి.

మూడో తరం ఐ5 వేస్తుంటే, పాత చిప్ ఉండగానే బయోస్ (బోర్డును స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చూసుకోవాలి. తీసేశాక చేద్దామంటే డిస్‌ప్లేనే రాకపోవచ్చు. మా కడపలో ఎండాకాలం కరెంటును నమ్మలేం, యూపీఎస్ లేకుండా అప్‌డేట్ మొదలుపెట్టొద్దు. మధ్యలో ఆగి నాకో బోర్డు పోయింది కూడా.

ప్లగ్ పీకేయండి. ఒంట్లో స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ ఇనుము ఓసారి ముట్టుకోండి.

దుమ్ము ముందే దులపాలి, సాకెట్ తెరిచాక కాదు. పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వెంట్రుకల్లా సన్నగా. వేలు తగిలితే వంగుతాయి. చిప్ అంచున ఉన్న గాట్లు సాకెట్‌తో కలిపి మెల్లగా వదలండి, నొక్కొద్దు.

చిప్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది చిన్న శనగగింజంత పెడితే చాలు.