కోతల కాలానికి ముందు స్ప్లంక్ ఇండెక్సుల పరిమితి మార్చేవారికి జాగ్రత్తలు

వానాకాలం వరి కోతలు మొదలై మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు బారులు తీరాయంటే, కాంటాల నుంచి మా నల్లగొండ ఆఫీసుకు వచ్చే లాగులు, అంటే తూకాల నమోదు వరుసలు, ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిని దాచి, అడిగినప్పుడు వెతికిపెట్టే సాఫ్ట్‌వేరే స్ప్లంక్; అది వాటిని దాచే అరలే ఇండెక్సులు. డిస్కు నిండుతోందన్న కంగారులో అప్పటికప్పుడు ఇండెక్సుల పరిమాణాన్ని తగ్గించడం కన్నా, ఆ పనిని సెప్టెంబరులోనే నిదానంగా ముగించుకోవడం క్షేమం.

ఒక ఇండెక్సు ఎన్ని ఎంబీల దాకా పెరగొచ్చో చెప్పే మాక్స్ టోటల్ డేటా సైజ్ ఎంబీ అనే అంకెను తగ్గించడమంటే, పాత డేటాను తీసివేయమని చెప్పడమే. ఇండెక్సు కొత్త పరిమితిని దాటి ఉంటే, అన్నిటికన్నా పాత బకెట్లు (ఇండెక్సులో డేటాను కాలం వారీగా ఉంచే ముక్కలు) ముందుగా ఫ్రోజెన్ స్థితికి, అంటే ఇండెక్సు నుంచి బయటికి, వెళ్తాయి. ఆర్కైవ్ డైరెక్టరీ గానీ స్క్రిప్టు గానీ ముందే ఇవ్వకపోతే స్ప్లంక్ వాటిని చెరిపేస్తుంది. డిఫాల్టుగా ఉన్న 500000 స్థానంలో నేను ఒకసారి 50000 అని కొట్టాను. తెల్లవారి చూస్తే అంతకుముందు యాసంగి తూకాలు లేవు. ఆ వారంలోనే ఒక రైతు తన ట్రాక్టరు తూకం తేదీ చెప్పి చూపించమంటే, ఆయనకు చూపడానికి మా దగ్గర ఒక్క వరుస కూడా మిగలలేదు. అంకెను మళ్లీ పెంచినా పోయిన బకెట్లు తిరిగి రావు.

ఈ పరిమితి క్లస్టర్ (కలిసి పనిచేసే స్ప్లంక్ సర్వర్ల గుంపు) మొత్తానికి కాదు, అందులో డేటాను దాచే ఒక్కొక్క సర్వర్‌కు, అంటే పీర్‌కు, వర్తిస్తుంది. రెప్లికేషన్ వల్ల, అంటే ఒక పీర్ డేటాను మరో పీర్‌లోనూ ఉంచడం వల్ల, వచ్చిన ప్రతులు కూడా ఆ పీర్ లెక్కలోనే పడతాయి. కాబట్టి పెంచేటప్పుడు ఆ పీర్‌లోని ఇండెక్సుల పరిమితులన్నీ కలిపి డిస్కుతో సరిచూడాలి. ఖాళీ స్థలం మినిమమ్ ఫ్రీ స్పేస్ కన్నా, అంటే డిఫాల్టుగా 5000 ఎంబీ కన్నా, తగ్గితే ఇండెక్సింగ్ ఆగిపోతుంది. పరిమాణం ఎంత పెంచినా, గడువు సెట్టింగు డిఫాల్టుగా ఉంటే సుమారు 6 ఏళ్లు దాటిన డేటా నిలవదు.

పీర్లలో ఒక్కొక్కదాని ఫైలును విడివిడిగా దిద్దకూడదు. పీర్లన్నిటికీ సెట్టింగులు పంపే మేనేజర్ నోడ్‌లో ఉన్న ఇండెక్సెస్ డాట్ కాన్ఫ్ ఫైలుకు ముందు నకలు తీసి, అందులోనే మార్చి, బండిల్‌ను (పీర్లకు పంపే సెట్టింగుల మూటను) వాలిడేట్ చేసి, రీస్టార్ట్ అవసరమో కాదో అక్కడే తెలుసుకుని, కాంటాలు ఆగిన రాత్రి వేళ పంపాలి. పంపే ముందు, బకెట్ల వివరాలు చూపే డీబీఇన్‌స్పెక్ట్ కమాండుతో ప్రతి ఇండెక్సులోని అతి పాత బకెట్ తేదీని కాగితంపై రాసి పెట్టుకోండి. కొత్త పరిమితి అంకెలోని సున్నాలను పక్కనున్న మరొకరి చేత లెక్కపెట్టించండి. మరుసటి ఉదయం అదే కమాండు నడిపి, రాసుకున్న తేదీలతో పోల్చిన తర్వాతే రెండో ఇండెక్సు జోలికి వెళ్లండి.