పైథాన్ లైబ్రరీలో పాత ఫంక్షన్‌ను తీసేసే ముందు వాడేవాళ్లకు ఎలా చెప్పాలి

వార్నింగ్ పెట్టాం కదా అని ఊరుకుంటే కుదరదు. అది కోడ్ మార్చగల మనిషి కంట పడాలి. చాలా లైబ్రరీల్లో పడదు.

కారణం ఇది. డెప్రికేషన్‌వార్నింగ్‌ను, అంటే ఇది త్వరలో పోతుంది, వాడొద్దు అని చెప్పే వార్నింగ్‌ను, పైథాన్ మామూలుగా దాచేస్తుంది. 3.7 నుంచి, నేరుగా రన్ చేసిన స్క్రిప్ట్‌లోని లైన్ పేరున వచ్చినదాన్ని మాత్రం చూపిస్తోంది. వార్నింగ్ ఇచ్చే వార్న్ ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు, అది ఏ లైన్ పేరున నమోదవ్వాలో చెప్పే స్టాక్‌లెవెల్ ఇవ్వకపోతే దాని విలువ 1. అప్పుడు వార్నింగ్ మీ లైబ్రరీ ఫైల్ పేరునే నమోదై, ఎవరికీ కనబడకుండా పోతుంది. 2 ఇస్తే మీ ఫంక్షన్‌ను పిలిచిన లైన్ పేరున వెళ్తుంది. మధ్యలో ర్యాపర్ (మీ ఫంక్షన్‌ను చుట్టి పిలిచే మరో ఫంక్షన్) ఒకటి ఉంటే 3 ఇవ్వాలి. దీనికి తప్పకుండా టెస్ట్ రాయండి: వార్నింగ్‌లో ఉన్న ఫైల్ పేరు టెస్ట్ ఫైల్‌దే అయ్యుండాలి.

3.13లో వార్నింగ్స్ మాడ్యూల్‌కు డెప్రికేటెడ్ అనే డెకరేటర్ (ఫంక్షన్ పైన @తో రాసే గుర్తు) వచ్చింది. దాన్ని గుర్తించే టైప్ చెకర్ (కోడ్‌ను నడపకుండానే పరిశీలించే టూల్) ఉంటే, రన్ చేయకముందే ఎడిటర్‌లో తెలిసిపోతుంది. ఇందులో మాత్రం పిలిచిన లైన్‌కు స్టాక్‌లెవెల్ 1 చాలు. అలవాటుకొద్దీ 2 రాయకండి. ప్రోగ్రామర్లకు కాక అప్లికేషన్ వాడేవాళ్లకు తెలియాల్సిన విషయమైతే ఫ్యూచర్‌వార్నింగ్ వాడండి, దాన్ని పైథాన్ దాచదు.

మెసేజ్‌లో మూడూ ఉండాలి: ఏ వెర్షన్ నుంచి వద్దంటున్నారు, బదులుగా ఏం రాయాలి, ఏ వెర్షన్‌లో తీసేస్తారు. రెండోదానికే ఎక్కువ శ్రమ పెట్టండి. 3.12లో, ప్రస్తుత యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం ఇచ్చే డేట్‌టైమ్ యూటీసీనౌను వద్దన్నప్పుడు, బదులుగా నౌ ఫంక్షన్‌కు యూటీసీ ఇచ్చి పిలవమని వార్నింగే చెబుతుంది. కానీ కొత్తది టైమ్‌జోన్‌తో వస్తుంది. డేటాబేస్‌లో టైమ్‌జోన్ లేకుండా దాచిన పాత తేదీతో ముందా వెనకా అని పోలిస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. పైగా డేట్‌టైమ్.యూటీసీ అనే పేరు 3.11కు ముందు లేదు, అక్కడ టైమ్‌జోన్.యూటీసీ అని రాయాలి. ఇలాంటి తేడాలను మైగ్రేషన్ పేజీలో పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూపించండి.

గడువు విషయంలో పైథాన్ సొంత నియమం కనీసం రెండు విడుదలలు. చెప్పిన గడువు జరుపుతూ పోతే జనం నమ్మడం మానేస్తారు. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని మ్యాపింగ్ వంటి పేర్లను 2012లో, 3.3లోనే వద్దన్నారు, రన్ చేసినప్పుడు వార్నింగ్ మాత్రం 3.7లో గానీ రాలేదు. 3.8లో తీసేస్తామన్నవి చివరికి 2021లో, 3.10లో పోయాయి. అప్పటికీ పాత ఇంపోర్ట్‌లు మార్చని ప్యాకేజీలు ఆగిపోయాయి.

తీసేసే విడుదలకు ముందు, మీ లైబ్రరీ మీద ఆధారపడ్డ పెద్ద ప్రాజెక్టుల టెస్టులను వార్నింగ్‌లన్నీ ఎర్రర్‌లుగా మారేలా, పైథాన్ కమాండ్‌లోని డబ్ల్యూ (-W) ఆప్షన్‌కు ఎర్రర్ అని ఇచ్చి నడపండి. ఫెయిలైన చోటల్లా ఇష్యూ తెరిచి, వీలైతే సవరణ కూడా మీరే పంపండి.